గృహహింస నుండి రక్షణ ఉత్తర్వు

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత మనకు తరతరాలుగా సుపరిచితమైనది. కుటుంబ గౌరవాన్ని కాపాడుకొమ్మని చెప్పిన ఈ మాటే, నాలుగు గోడల నడుమ దెబ్బలు తినే మనిషి నోరు నొక్కడానికి కూడ ఉపయోగపడుతూ వచ్చినది. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్ళయి 18 నుండి 49 ఏండ్ల మధ్య వయస్సులో ఉన్న స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో హింసను చవిచూసినవారే. శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే.

ఈ మౌనానికి భయం ఒక్కటే కారణం కాదు. చెప్పుకుంటే ఏమవుతుంది అన్న ప్రశ్నకు చాలామందికి తెలిసిన సమాధానం ఒక్కటే: పోలీసు కేసు, అరెస్టు, జైలు. భర్త జైలుకు పోవాలని ఆమె కోరుకోకపోవచ్చు. అతని సంపాదన ఆగిపోతే పిల్లల గతి ఏమిటని ఆమె ఆలోచించవచ్చు. కొడుకు చేతిలో తన్నులు తినే తల్లి సంగతి చెప్పనే అక్కరలేదు; కన్నకొడుకు చేతికి సంకెళ్ళు వేయించడం కంటె దెబ్బలే మేలనుకుంటుంది. ఆమె అడిగేది పెద్ద కోరిక కాదు. కొట్టడం ఆగాలి, తనను ఇంటినుండి గెంటివేయకూడదు. ఈ రెండింటినీ న్యాయస్థానం ముందు ఉంచి, వాటికి చట్టబద్ధమైన హామీ పొందే మార్గం మన దేశంలో ఉన్నది. దానినే రక్షణ ఉత్తర్వు అంటారు. 2005లో పార్లమెంటు ఆమోదించిన ‘గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం’ ఈ మార్గాన్ని కల్పించినది. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చినది.

అంతకు పూర్వం చట్టం లేకపోలేదు. 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేర్చారు. భర్త గాని అతని బంధువులు గాని పెట్టే క్రూరహింస దాని ప్రకారం నేరం. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా నిర్వచించారు. 2024 జులై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఈ నేరాలు కొనసాగుతున్నాయి. కాని ఇవన్నీ జరిగిపోయినదానికి శిక్ష విధించేవి. రేపు జరగబోయేదాన్ని ఆపమని అడగడానికి అవి పనికిరావు. సివిలు కోర్టులో నిషేధాజ్ఞ తెచ్చుకోవచ్చునన్నది నిజమే గాని, ఆ దావా తేలేసరికి ఏండ్లు గడుస్తాయి. ఈలోగా ఆమె తలదాచుకునేది ఎక్కడ?

2005 చట్టానికి మూడేండ్ల ముందు, 2002లో, ప్రభుత్వం ఒక బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టినది. అందులో గృహహింసను నిర్వచిస్తూ ‘అలవాటుగా’ కొట్టడం అన్న మాట వాడారు. అంటే ఒకసారి చేయి విరగ్గొడితే చాలదు, విరగ్గొట్టడం అలవాటై ఉండాలి! తన ఆస్తిని రక్షించుకోవడానికి కొట్టానని చెప్పుకునే వీలుకూడ ఆ ముసాయిదా పురుషునికి ఇచ్చినది. మహిళా సంఘాలు, న్యాయవాదులు దీనిని గట్టిగా వ్యతిరేకించారు. చివరకు వచ్చిన చట్టంలో ‘అలవాటు’ మాయమైనది. ఒక్క విశేషణం ఎంతమంది బ్రతుకులను ద్వారం బయట నిలబెట్టగలదో ఈ ఉదంతం చెప్పకనే చెబుతున్నది.

మాట ప్రసక్తి వచ్చినది గనుక, హిందీ పాఠం దగ్గర పెట్టుకొని ఈ చట్టాన్ని తెలుగులో చెప్పదలచినవారికి ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ ప్రస్తావించడం అసందర్భం కాదు. కోర్టుకు ఎవరిమీద దరఖాస్తు పెట్టుకున్నారో ఆ వ్యక్తిని హిందీ పాఠం ‘ప్రత్యర్థీ’ అంటున్నది. అక్కడ దాని అర్థం జవాబు చెప్పుకోవలసినవాడు అని మాత్రమే. ఆ మాటనే యథాతథంగా తెలుగులోకి దించితే పగవాడు, పోటీదారు అన్న అర్థం వస్తుంది. భర్తనో, కొడుకునో, అన్ననో చట్టమే శత్రువుగా ప్రకటించినట్లు ధ్వనిస్తుంది. ఈ చట్టం ఉద్దేశం అది కాదు. అందుకే తెలుగులో ‘ప్రతివాది’ అనడమే ఉచితం. అట్లాగే ఆమె కాపురం చేసిన ఇంటిని హిందీలో ‘సాఝీ గృహస్థీ’ అన్నారు. గృహస్థీ అంటే గోడలూ పైకప్పూ మాత్రమే కాదు. పొయ్యి, పాత్ర సామాను, పడక, పిల్లలు, అన్నీ కలిసిన సంసారం. తెలుగులో ‘ఉమ్మడి గృహం’ అంటే ఆస్తి పంపకం గుర్తుకు వస్తుంది గాని ఈ భావం పూర్తిగా రాదు. ‘కలిసి కాపురమున్న ఇల్లు’ అని విప్పి చెప్పడమే మేలు.

హింస అన్న మాట విషయంలో మాత్రం తెలుగు అనువాదకునికి కష్టం లేదు. చేయి చేసుకోకపోయినా ‘హింస పెడుతున్నాడు’ అనడం మన వాడుకలో ఉన్నదే. చట్టం కూడ ఆ విశాలార్థాన్నే గ్రహించినది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతోను మనస్సుకూ చేసే హింస, ఆర్థిక హింస అని నాలుగు విధాలుగా చెప్పినది. బిడ్డలు లేరని, మగబిడ్డ పుట్టలేదని నిత్యం దెప్పడం మూడవదానిలోకి వస్తుంది. ఇంటిఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం, పుట్టింటివారు పెట్టిన నగలను ఆమెకు చెప్పకుండ అమ్మడం నాలుగవదానిలోకి వస్తాయి. కట్నం కోసం పీడించడం హింసేనని వేరుగా పేర్కొన్నారు.

ఎవరు, ఎవరిపై

ఈ చట్టం భార్యలకే పరిమితమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రక్తసంబంధం, వివాహం, వివాహం వంటి సహజీవనం, దత్తత, ఉమ్మడి కుటుంబం, వీటిలో ఏ బంధంతోనైనా ఒకే ఇంట కలిసి బ్రతుకుతున్న లేక ఒకప్పుడు బ్రతికిన స్త్రీ ఎవరైనా దీని ఆశ్రయం పొందవచ్చు. తల్లి కొడుకుపై, చెల్లెలు అన్నపై, వితంతువైన కోడలు మరదిపై దరఖాస్తు పెట్టుకోవచ్చు. మతంతో నిమిత్తం లేదు. మొదట ఈ చట్టంలో ప్రతివాది అంటే ‘వయోజనుడైన పురుషుడు’ అని ఉండేది. 2016లో సుప్రీంకోర్టు ఆ మాటలను కొట్టివేసినది. హింసించే అత్తను గాని ఆడబిడ్డను గాని ముందు నిలిపి వెనుకనుండి పని నడిపించే పురుషునికి, అంతవరకు ఉన్న ఒక చాటు దీనితో పోయినది.

ఇంట్లో దెబ్బలు తినే పురుషుల మాటేమిటని అడగవచ్చు. ఈ చట్టం వారికి వర్తించదు. కొడుకు చేతిలో బాధలు పడే వృద్ధుడైన తండ్రికి 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వేరుగా ఉన్నది. దానికింద రెవెన్యూ డివిజను స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునలు విచారణ జరుపుతుంది. ఈ రెండు చట్టాలూ ఒక్కొక్కప్పుడు ఢీకొంటాయి. కోడలిని ఇంటినుండి పంపివేయడానికి అత్తమామలచేత వయోవృద్ధుల చట్టం కింద దరఖాస్తు పెట్టించే కొడుకులు లేకపోలేదు. కోడలికి ఆ ఇంట్లో నివసించే హక్కును పరిశీలించకుండ ఆ ట్రిబ్యునలు ఆమెను వెళ్ళగొట్టజాలదని సుప్రీంకోర్టు 2020లో చెప్పినది.

ఒక దరఖాస్తు నడక

చట్టం ఎట్లా పనిచేస్తుందో తెలియడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సిరిసిల్లలో పుట్టిన ఒక అమ్మాయి పెళ్ళయి మహారాష్ట్రలోని భివండికి వెళ్ళినది. తెలంగాణ నుండి తరలివెళ్ళిన నేతకుటుంబాలు మరమగ్గాలపై ఆధారపడి జీవించే పట్టణం అది. భర్త మరమగ్గంపై పనిచేస్తాడు. ఆమె బట్టలు కుట్టి నాలుగు రూపాయలు సంపాదిస్తుంది. అతడు త్రాగి కొడతాడు. ఆమె కుట్టుకూలి కూడ లాక్కుంటాడు. ఒక రాత్రి ఇంటినుండి గెంటివేశాడు. ఆమె చిన్నబిడ్డను చంకనెత్తుకొని పుట్టింటికి చేరినది. పెద్దబిడ్డ, కుట్టుమిషను, నగలు భివండిలోనే ఉండిపోయాయి.

ఆమె మళ్ళీ భివండికి పోయి, భాష సరిగా రాని కోర్టులో నిలబడవలసిన పని లేదు. తాను శాశ్వతంగా గాని తాత్కాలికంగా గాని నివసిస్తున్న చోట ఉన్న ప్రథమశ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చునని 27వ సెక్షను చెబుతున్నది. సిరిసిల్ల కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలుకావలసినదే అని ఆ సెక్షనే చెబుతున్నది. బ్రతుకుతెరువుకై సూరతుకు, ముంబయికి, షోలాపురుకు వెళ్ళిన తెలుగు కుటుంబాల ఆడపడుచులకు దీనికి మించిన సదుపాయం లేదని నా అభిప్రాయం. చట్టంలో ఇంతగా ఉపయోగపడే అంశం ఇంత తక్కువమందికి తెలియడం విచారకరం.

ఆమె మొదట కలుసుకోవలసినది రక్షణాధికారిని. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలలో ఈ అధికారులను నియమించాలి. స్త్రీ, శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో విచారిస్తే తెలుస్తుంది. 181 అన్న నంబరుకు ఫోను చేసినా, ‘సఖి’ కేంద్రానికి వెళ్ళినా దారి చూపుతారు. ఆమె తరఫున పొరుగువారు, ఉపాధ్యాయులు, ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సద్భావంతో ఇచ్చిన సమాచారానికి వారిపై ఏ చర్యా ఉండదని చట్టం హామీ ఇచ్చినది. రక్షణాధికారి ఆమె చెప్పినదంతా నిర్ణీత ఫారంలో గృహసంఘటన నివేదికగా వ్రాసుకుంటాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమి చేశారు అన్నవి అందులో ఉంటాయి. ఆసుపత్రి చీటీలు, ఫోనులో వచ్చిన బెదిరింపులు, గాయాల ఛాయాచిత్రాలు ఉంటే భద్రపరచుకోవడం మంచిది. అవి లేనంతమాత్రాన దరఖాస్తు చెల్లకపోదు. మళ్ళీ హింస జరగకుండ ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఆమెతో కలిసి ఒక భద్రతా ప్రణాళిక తయారుచేయడం కూడ రక్షణాధికారి విధులలో ఒకటి. రక్షణాధికారి అందుబాటులో లేకపోతే ఆమె స్వయంగా మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ నివేదిక లేకపోయినా ఉత్తర్వు ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు 2022లో స్పష్టపరచినది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత ఆమెకు లేదు. న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండ ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది.

దరఖాస్తు అందిన తరువాత సాధారణంగా మూడు రోజులలోపల మొదటి విచారణ జరగాలి. మొదటి విచారణ నాటినుండి అరవై రోజులలో పరిష్కరించడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. నోటీసును రెండు రోజులలో, లేదా మేజిస్ట్రేటు అనుమతించిన మరికొంత గడువులో, ప్రతివాదికి అందజేసే బాధ్యత రక్షణాధికారిదే. ప్రమాదం పొంచి ఉన్నదని ఆమె ప్రమాణపత్రంలో వ్రాసి ఇస్తే, ప్రతివాది వచ్చేవరకు ఆగకుండ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి కూడ మేజిస్ట్రేటుకు అధికారం ఉన్నది. ఆమె గాని అతడు గాని కోరితే మూసిన గదిలో విచారణ జరపవచ్చు. ఇంటిగుట్టు బజారున పడుతుందని జంకేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఉత్తర్వులో ఏముంటుంది? భర్త ఆమెను హింసించరాదు, ఇతరులచేత హింసింపజేయరాదు. ఆమె పనిచేసే చోటికి గాని బిడ్డ చదివే బడికి గాని వెళ్ళరాదు. ఫోను ద్వారానో ఉత్తరాల ద్వారానో మాట కలపడానికి ప్రయత్నించరాదు. ఆమె స్త్రీధనాన్ని, ఉమ్మడి ఆస్తిని కోర్టు అనుమతి లేకుండ అమ్మరాదు. ఆమెకు ఆశ్రయమిచ్చిన పుట్టింటివారి జోలికి పోరాదు. వీటిలో ఆమె పరిస్థితికి తగినవి మేజిస్ట్రేటు ఎంచి వ్రాస్తాడు. దరఖాస్తులోనే మరికొన్ని కోరవచ్చు: ఆమెకూ బిడ్డలకూ పోషణ, వైద్యఖర్చులు, పెద్దబిడ్డను తాత్కాలికంగా ఆమెకు అప్పగించడం, నగలు తిరిగి ఇప్పించడం, పడిన బాధకు నష్టపరిహారం. ఉత్తర్వు ప్రతిని ఆమెకు, పోలీసు స్టేషనుకు ఉచితంగా ఇవ్వాలి.

ఇల్లు ఎవరిది?

వీటన్నిటిలోకి కీలకమైనది నివాస ఉత్తర్వు. దెబ్బ కంటె గెంటివేతకే ఎక్కువ భయపడే స్త్రీలు ఎందరో. ఇంటిపై హక్కుపత్రం ఆమె పేర ఉన్నదా లేదా అన్న ప్రశ్నతో సంబంధం లేకుండ, కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉన్నదని 17వ సెక్షను చెప్పినది. అవసరమైతే ప్రతివాదినే ఇంటినుండి బయటకు పొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. స్త్రీలను మాత్రం ఈ విధంగా బయటకు పంపరాదు. అదీ కుదరకపోతే అదే స్థాయిగల వేరొక వసతి చూపించమనో, అద్దె చెల్లించమనో ఆదేశించవచ్చు.

అయితే చట్టం అమలులోకి వచ్చిన రెండు నెలలకే, 2006 డిసెంబరులో, సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ హక్కును ఎంతగానో కుదించినది. భర్తకు చెందిన ఇల్లు, అతడు అద్దెకు తీసుకున్న ఇల్లు, అతడు సభ్యుడుగా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లు, ఈ మూడింటిలోనే ఆమెకు హక్కు అన్నది. అత్తమామల పేర ఉన్న ఇంట్లో కాపురముంటే హక్కు లేనట్లే. మన దేశంలో కొత్త కోడలు అడుగుపెట్టేది చాలావరకు అత్తమామల ఇంటిలోకే కదా! ఆ తీర్పు పదమూడేండ్లకు పైగా నిలిచినది. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని తోసిపుచ్చినది. ఇల్లు భర్త బంధువుల పేర ఉన్నా, ఆమె అక్కడ కొంత స్థిరంగా కాపురం చేసి ఉంటే అది ఆమె కాపురమున్న ఇల్లేనని చెప్పినది. అయితే ఈ హక్కు శాశ్వతమైనది కాదని, వృద్ధులైన అత్తమామలు ప్రశాంతంగా జీవించే హక్కును కూడ తూచి చూడాలని అదే తీర్పు హెచ్చరించినది. ఆమెకు లభించేది నివాసమే గాని యాజమాన్యం కాదు. ఈ భేదం తెలియక ఇటు ఆశ పడేవారూ, అటు భయపడేవారూ ఉన్నారు.

పెద్దమనుషులు, సలహాదారులు

మన పల్లెలలో భార్యాభర్తల తగవు మొదట చేరేది పెద్దమనుషుల వద్దకు. రచ్చబండ దగ్గర ‘సర్దుకుపోవమ్మా’ అన్న మాటతో ఆ పంచాయితీ ముగియడం మామూలు. రాజీ అన్నది చట్టానికి కూడ అంటరానిది కాదు. మేజిస్ట్రేటు ఇద్దరినీ సలహాదారు వద్దకు పంపవచ్చు. కాని 2006లో చేసిన నియమాలలో ఒక విశేషం ఉన్నది: తాను చేసిన హింసను సమర్థించుకుంటూ వాదించడానికి ప్రతివాదికి అక్కడ వీలులేదు. ‘కూర చప్పగా చేసినది గనుక కొట్టాను’ అన్న మాటకు అక్కడ తావులేదన్నమాట. హింస ఇక జరగదని అతనివద్ద హామీ తీసుకోవడం సలహాదారు పని. రచ్చబండకూ ఈ గదికీ ఉన్న తేడా అదే.

ఆచరణలో లోపాలు తక్కువేమీ కాదు. చాలాచోట్ల రక్షణాధికారి బాధ్యతను వేరే పనులతో తలమునకలై ఉన్న ఉద్యోగికి అదనంగా అంటగట్టారు. అరవై రోజులన్నది కాగితంపై మిగిలిపోయి, దరఖాస్తులు ఏండ్లతరబడి నడుస్తున్న సందర్భాలు ఉన్నాయి. చట్టం వచ్చి ఇరవై ఏండ్లు కావస్తున్న 2025లో కూడ, రక్షణాధికారులను గుర్తించి నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చినది. శాసనం చేయడంలో చూపిన శ్రద్ధ సిబ్బందిని, నిధులను సమకూర్చడంలో చూపలేదన్న విమర్శను కాదనలేము.

ఇరుగుపొరుగు దేశాలు కూడ దాదాపు ఇదే కాలంలో ఇదే దారి పట్టాయి. శ్రీలంక 2005లోనే చట్టం చేసినది. అక్కడ స్త్రీపురుష భేదం లేకుండ ఎవరైనా రక్షణ కోరవచ్చు. ఉత్తర్వు పన్నెండు నెలలకు మించదు. నేపాలు 2009లో, బంగ్లాదేశ్ 2010లో, మాల్దీవులు 2012లో, భూటాన్ 2013లో శాసనాలు చేశాయి. మన దేశంలోనే జమ్మూ కాశ్మీరుకు మొదట కేంద్ర చట్టం వర్తించలేదు. ఆ రాష్ట్రం 2010లో తన చట్టం తాను చేసుకున్నది. 2019 అక్టోబరు 31 నుండి అక్కడ కూడ కేంద్ర చట్టమే అమలవుతున్నది.

ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏమవుతుంది? ఇంతవరకు సివిలు స్వభావంతో నడిచిన వ్యవహారం ఇక్కడ నేరంగా మారుతుంది. రక్షణ ఉత్తర్వును మీరినవానికి ఒక సంవత్సరం వరకు జైలు గాని, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పోలీసులు వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చు. బెయిలు హక్కుగా లభించదు. బాధితురాలి సాక్ష్యం ఒక్కదాని ఆధారంగానైనా నేరం జరిగినదని కోర్టు నిర్ణయించవచ్చు. అంటే జైలు తలుపు తెరిచేది మొదటి దెబ్బకు కాదు, కోర్టు గీసిన గీతను అతడు తెలిసి తెలిసి దాటినప్పుడు. రక్షణాధికారికీ మినహాయింపు లేదు; తగిన కారణం లేకుండ విధిని నిర్లక్ష్యం చేస్తే అతనికీ అంతే శిక్ష, కాకపోతే ప్రాసిక్యూషనుకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

శ్రీలంకలోవలె మన రక్షణ ఉత్తర్వుకు నెలల లెక్క లేదు. దానిని రద్దుచేయమని ఆమె స్వయంగా దరఖాస్తు పెట్టుకునేవరకు అది అమలులో ఉంటుంది. పరిస్థితులు మారాయని ఇద్దరిలో ఎవరు చెప్పుకున్నా మేజిస్ట్రేటు విచారించి, కారణాలు వ్రాసి, దానిని సవరించవచ్చు. ఉత్తర్వుతో తృప్తిచెందనివారు ముప్పై రోజులలోపల సెషన్సు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.